ఉద్యోగం మానే ముందు మూడు లెక్కలు

(సమాఖ్య వార్షిక మహాసభలో తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల సభ్యుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం, కంపెనీ ఉద్యోగం మాని సొంత వ్యాపారంలోకి రావడం. వెనకటి రోజుల్లో మన సభల్లో ఈ అంశం ఉండేది కాదు. గేదె కొందామా, కుట్టుమిషను కొందామా, పిల్ల ఫీజు ఎట్లా కడదాం అన్నవే అప్పటి ప్రశ్నలు. ఆ ఫీజులు కట్టాం. పొదుపు డబ్బు తీసి కట్టాం, గ్రూపులో అప్పు తీసి కట్టాం. పిల్లలు చదువుకుని హైదరాబాదులో, బెంగళూరులో, విజయవాడలో కంపెనీల్లో చేరారు. ఇప్పుడు వాళ్లలో కొందరు ఫోన్ చేసి, "అమ్మా, ఈ ఉద్యోగం మానేసి నా సొంతంగా ఏదన్నా పెట్టుకుంటాను" అంటున్నారు. కోడళ్లు కూడా అంటున్నారు. అమ్మ గుండె ఒక్కసారి ఝల్లుమంటుంది. ఏం చెప్పాలో తోచదు.

నేను హైదరాబాదులో ఒక ప్రైవేటు కంపెనీలో, అకౌంట్స్ విభాగంలో తొమ్మిదేళ్లు పనిచేసి, మానేసి వచ్చి, తెనాలిలో పొడులు, అప్పడాల యూనిట్ నడుపుతున్నాను. మా అమ్మ డ్వాక్రా సభ్యురాలు. కాబట్టి ఆ ఫోన్ చేసే అమ్మాయి సంగతీ నాకు తెలుసు, ఫోన్ ఎత్తే అమ్మ సంగతీ తెలుసు. ఉద్యోగం మానమని ఎవరికీ చెప్పను, మానొద్దనీ చెప్పను. మానే ముందు ఇంట్లో అందరూ కూర్చుని వేసుకోవాల్సిన మూడు లెక్కలు మాత్రం చెబుతాను.

లెక్కల కంటే ముందు ఒక సంగతి. ఈ పిల్లలు ఫోన్లలో గొప్పవాళ్ల కథలు చూస్తుంటారు. ఉద్యోగం మానేశారు, కంపెనీ పెట్టారు, కోట్లు వచ్చాయి అని రెండు నిమిషాల్లో చెప్పేస్తారు. ఆ కథలు అబద్ధాలు కావు. కానీ మనకు పనికొచ్చే ముక్క అందులో ఉండదు. మూడు ఉదాహరణలు చూద్దాం.

మొదటిది మన గుంటూరు జిల్లా మనిషే. తాడేపల్లిలో పసుపు రైతు ఇంట్లో పుట్టి, గుంటూరు ఏసీ కాలేజీలో చదివిన డాక్టర్ అంజిరెడ్డి గారు. హైదరాబాదులో ఐడీపీఎల్ అనే ప్రభుత్వ మందుల సంస్థలో పనిచేసి, 1970ల మధ్యలో బయటికి వచ్చారు. డాక్టర్ రెడ్డీస్ పెట్టింది 1984లో. ఈ రెండు తేదీల మధ్య ఎనిమిదేళ్లకు పైగా ఉంది చూశారా? ఆ మధ్యలో యూనిలాయిడ్స్ అని ఒకటి, స్టాండర్డ్ ఆర్గానిక్స్ అని ఒకటి, రెండు కంపెనీల్లో భాగస్వామిగా ఉండి నడిపారు. మందు ఎట్లా తయారవుతుందో ఉద్యోగంలో నేర్చుకున్నారు. ఫ్యాక్టరీ ఎట్లా నడపాలో ఆ రెండు కంపెనీల్లో నేర్చుకున్నారు. ఫోన్లో కథ చెప్పేవాళ్లు ఆ ఎనిమిదేళ్లను మింగేస్తారు.

రెండోది రెడ్‌బస్. నిజామాబాద్ జిల్లా నుంచి వెళ్లిన ఫణీంద్ర సామ బెంగళూరులో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో ఇంజనీరు. 2005 దీపావళికి ఊరికి పోదామంటే బస్సు టికెట్ దొరకలేదు. ఏ బస్సులో ఏ సీటు ఖాళీగా ఉందో తెలుసుకునే దారే లేదని గమనించి, బిట్స్ పిలానీలో తనతో చదివిన ఇద్దరు మిత్రులతో కలిసి 2006లో రెడ్‌బస్ మొదలుపెట్టారు. 2013లో దాన్ని ఐబిబో సంస్థ కొనుక్కుంది. ముగ్గురూ అప్పటికి పాతికేళ్ల కుర్రాళ్లు. ఉద్యోగాల్లో ఉండగానే శని, ఆదివారాల్లో పని మొదలుపెట్టి, బస్సుల వాళ్ల చుట్టూ, ఏజెంట్ల చుట్టూ తిరిగి ఆ వ్యాపారం లోతు తెలుసుకున్నారు. ఒక్కడు మోయాల్సిన బరువు ముగ్గురు మోశారు.

మూడోది ఆడమనిషి కథ. నైకా పెట్టిన ఫాల్గుణి నాయర్. ముంబై ఆవిడ. కోటక్ సంస్థలో దాదాపు 19 ఏళ్లు పనిచేసి, పెద్ద హోదాలో ఉండగా 2012లో మానేసి, 49 ఏళ్ల వయసులో సొంత కంపెనీ పెట్టారు. 2021లో ఆ కంపెనీ షేర్ మార్కెట్‌కు వచ్చింది. యాభై దగ్గర పడ్డాక మొదలుపెట్టి గెలిచారంటే మనందరికీ ధైర్యమే. అయితే ఆవిడ మానేసినప్పుడు భర్త ఒక పెద్ద పెట్టుబడి సంస్థకు మన దేశంలో అధిపతిగా ఉన్నారు. ఇంట్లో పొయ్యి వెలగడానికి ఆవిడ జీతమే దిక్కు కాదు. దానివల్ల ఆవిడ కష్టం తగ్గిపోదు. కానీ మన అమ్మాయికి ఆ కథ చెప్పేటప్పుడు ఈ ముక్క కూడా కలిపి చెప్పాలి.

ఈ ముగ్గురి దగ్గరా నాకు కనపడేది ఒకటే. జీతం చేసే పనిని ఇంకేదో ఒకటి చేసిపెట్టింది. ఒకరికి భాగస్వాములు, ఇంకొకరికి బరువు పంచుకున్న మిత్రులు, మరొకరికి ఇంట్లో రెండో సంపాదన. మన అమ్మాయి జీతం మానితే ఆ పని ఎవరు చేస్తారు? అసలు జీతం ఏమేం పనులు చేస్తోంది? ఇక లెక్కల్లోకి వద్దాం.

మొదటి లెక్క డబ్బు లెక్క.

అమ్మాయికి చేతికి నెలకు 40,000 వస్తోందనుకుందాం. అప్పడాలు చేసి అమ్ముతానంటోంది. కేజీకి పప్పు, నూనె, ప్యాకెట్, కరెంటు, కూలి, రవాణా అన్నీ కలిపి 250 అయింది, కొట్టువాడికి 300కు వేస్తుంది. కేజీకి 50 మిగిలింది. 40,000 మిగలాలంటే నెలకు 800 కేజీలు అమ్మాలి. నెలకు 25 పని దినాలు వేసుకుంటే రోజుకు 32 కేజీలు. 32 కేజీల అప్పడాలు రోజూ ఒత్తి, ఎండబెట్టి, ప్యాక్ చేసి, కొట్టు కొట్టుకూ తిప్పాలి. వాన పడితే ఎండ ఉండదు. ఈ లెక్క చెప్పగానే కొందరు అమ్మాయిలు కాసేపు మాట్లాడరు. ఆలోచించడం అప్పుడు మొదలవుతుంది.

ఇంకొకటి. కొట్టువాడు సరుకు దించిన రోజే డబ్బు ఇవ్వడు. నెల రోజులు అరువు అంటాడు. నెలకు 800 కేజీలంటే 2,40,000 రూపాయలు బయట ఉంటాయి. అందులో 2,00,000 మన చేతి నుంచి పెట్టిన ఖర్చు. రెండో నెల సరుకు చేయడానికి మళ్లీ డబ్బు కావాలి. పుస్తకంలో లాభం కనపడుతుంది, డబ్బాలో రూపాయి ఉండదు. మిషన్లకు పెట్టిన డబ్బు వేరు, ఇట్లా తిరుగుతూ ఉండే డబ్బు వేరు. బ్యాంకుకు వెళ్లేటప్పుడు చాలామంది మిషను కొటేషన్ తీసుకెళతారు కానీ తిరుగుడు పెట్టుబడి లెక్క తీసుకెళ్లరు.

ఇంటి ఖర్చు ఇంకోవైపు. అద్దె, పాలు, ఫీజులు, వాయిదాలు కలిసి నెలకు 30,000 అనుకుంటే ఏడాదికి 3,60,000. ఆ డబ్బు వ్యాపారం పెట్టుబడిలో కలపకుండా విడిగా ఉండాలి. విడిగా లేకపోతే మూడో నెలకే పప్పు కొనాల్సిన డబ్బుతో ఫీజు కడతాం, ఫీజు డబ్బుతో పప్పు కొంటాం. వ్యాపారం మంచిదో కాదో తెలిసే లోపలే ఆగిపోతుంది.

రెండో లెక్క గొడుగు లెక్క.

జీతం చీటీలో కనపడేది ఒకటి, కంపెనీ వెనకాల కట్టేది ఇంకొకటి. పీఎఫ్‌కు మామూలుగా మూల వేతనం మీద ఉద్యోగి 12 శాతం కడితే కంపెనీ 12 శాతం కడుతుంది. మానిన నెల నుంచి రెండూ ఆగిపోతాయి. గ్రాట్యుటీ ఉంది. మామూలు ఉద్యోగికి ఐదేళ్ల సర్వీసు నిండితే, ప్రతి ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున రావాలని చట్టం. నాలుగేళ్ల ఒక నెలకు మానేస్తానంటున్న అమ్మాయికి, ఇంకొన్నాళ్లు ఆగితే చేతికొచ్చే డబ్బు అది. అడిగి తెలుసుకుని అప్పుడు తేదీ పెట్టుకోమనండి.

ఆరోగ్య బీమా అన్నిటికంటే ముఖ్యం. కంపెనీ బీమాలో చాలాచోట్ల భర్త, పిల్లలు, కొన్నిచోట్ల అమ్మానాన్నలు కూడా ఉంటారు. ఉద్యోగం పోతే ఆ కార్డు పోతుంది. తర్వాత కొత్తగా సొంత పాలసీ తీసుకుంటే షుగరు, బీపీ లాంటి ముందున్న జబ్బులకు కొంతకాలం వరకు వర్తించదు. కాబట్టి ఉద్యోగంలో ఉండగానే సొంత పాలసీ మొదలుపెట్టుకోవాలి. రాష్ట్ర ప్రభుత్వ వైద్య సేవ పథకంలో తన కుటుంబానికి అర్హత ఉందో లేదో సచివాలయంలో కనుక్కోవాలి. ఇంటి అప్పో, బండి అప్పో తీసుకోవాల్సి ఉంటే బ్యాంకు ముందు అడిగేది జీతం చీటీ. వ్యాపారం మొదలుపెట్టాక అదే బ్యాంకు ఆదాయపు పన్ను రిటర్నులు అడుగుతుంది. అవి తయారవడానికి ఏళ్లు పడుతుంది.

పీఎఫ్ డబ్బు మీద అందరి కన్నూ పడుతుంది. "చేతిలో మూడు లక్షలు పీఎఫ్ ఉంది, దాంతో మొదలుపెడతాం" అంటారు. అది ముసలితనానికి దాచిన డబ్బమ్మా. మన పొదుపు సొమ్ము మొత్తం తీసి ఒక్కరికే అప్పు ఇచ్చేస్తామా? ఇవ్వం. అట్లాగే అది కూడా.

మూడో లెక్క ఎవరూ వేయరు. అది టైం లెక్క.

మగపిల్లాడు ఉద్యోగం మానితే ఊరంతా "వ్యాపారం పెట్టాడు" అంటారు. ఆడపిల్ల మానితే "ఇంట్లోనే ఉంటోంది" అంటారు. ఇద్దరూ చేసింది ఒకటే పని. "ఇంట్లోనే ఉంటోంది" అన్న మాట పడిన మర్నాటి నుంచి ఆ అమ్మాయి టైం అందరిదీ అయిపోతుంది. మామగారికి కళ్ల పరీక్ష ఉంది, నువ్వు తీసుకెళ్లు. పిల్లాడికి స్కూలు వ్యాన్ ఎందుకు, నువ్వు దింపు. చుట్టాలు వస్తున్నారు, నువ్వు ఇంట్లోనే ఉంటావుగా. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఈ మాటలు అనరు, ఎందుకంటే తొమ్మిదింటికి కంపెనీ బస్సు వస్తుంది. అదొక్కటే ఆవిడ టైంకు కాపలా. ఆ కాపలా పోయింది.

దీన్ని నేను చూశాను. వ్యాపారం పెట్టి ఆగిపోయిన నలుగురు ఆడపిల్లలను అడిగితే, ముగ్గురు సరుకు అమ్ముడుపోలేదని చెప్పరు. సరుకు చేయడానికి టైం లేదని చెబుతారు. ఆగిపోయాక మాత్రం "దానికి వ్యాపారం చేతకాలేదు" అని మనమే అంటాం.

ఈ లెక్క సరిచేయగలిగింది బ్యాంకు కాదు, ప్రభుత్వం కాదు. ఇక్కడ కూర్చున్న అమ్మలు, అత్తగార్లు. ఆ అమ్మాయికి పని గది ఉండాలి. అది ఇంట్లో ఒక మూల అయినా సరే, అది పని చోటు. పని వేళలు ఉండాలి. పది నుంచి ఐదు అంటే పది నుంచి ఐదే. ఆ వేళల్లో పిల్లాడిని ఎవరు చూస్తారో, వంట ఎవరు చేస్తారో ముందే అనుకోవాలి. ఇంకొక ముఖ్యమైన సంగతి. ఆవిడ తన పనికి కూలి రాసుకోవాలి. చాలామంది పప్పు ఖరీదు రాస్తారు, పనిమనిషి కూలి రాస్తారు, తన కష్టం రాయరు. అప్పుడు వచ్చిందంతా లాభంలా కనపడుతుంది. నెలకు ఐదు వేలైనా సరే, తన పేరున జీతం రాసుకుని తన ఖాతాలో వేసుకోవాలి. చేతిలో తన డబ్బు ఉన్న ఆడదాని మాటకు ఇంట్లో విలువ ఎట్లా మారుతుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. గ్రూపుల్లో చేరాక మనం చూసిందే అది.

ఈ మూడు లెక్కలూ ఇంటివి. ఇప్పుడు మన గ్రూపు సంగతి. ఈ మాట కొంచెం గట్టిగా చెబుతాను, ఏమీ అనుకోవద్దు.

అమ్మాయి వ్యాపారానికి అమ్మ తన గ్రూపు అప్పు తీసి ఇవ్వడం మొదలైంది. "కుటుంబ అవసరాలు" అని రాస్తారు, లేకపోతే "పాడి గేదె" అని రాస్తారు. డబ్బు హైదరాబాదుకో బెంగళూరుకో వెళుతుంది. మన బ్యాంకు లింకేజీ అప్పుకు తాకట్టు లేదు. దానికి తాకట్టు మన పదిమంది మాటే. ఒకరు వాయిదా తప్పితే గ్రూపు పేరు పోతుంది, వచ్చే ఏడాది మిగతా తొమ్మిదిమందికి అప్పు ఆగుతుంది. గేదె కొంటే నెల తిరగకముందే పాల డబ్బు వస్తుంది. కుట్టుమిషను కొంటే వారంలో జాకెట్ల డబ్బు వస్తుంది. కొత్త సరుకుకు పేరు రావడానికి ఏడాది పట్టొచ్చు. మన వాయిదా మాత్రం వచ్చే నెల నుంచే కట్టాలి. ఈ రెంటికీ పొత్తు కుదరదు.

అందుకని అసలు ఇవ్వొద్దనడం లేదు. దాచి ఇవ్వొద్దు. మీటింగులో చెప్పి, తీర్మానం రాసి, అందరికీ తెలిసి ఇవ్వాలి. అమ్మాయి స్వయంగా గ్రూపు మీటింగుకు వచ్చి, చాప మీద కూర్చుని, పైన చెప్పిన లెక్కలు కాగితం మీద చూపించాలి. రోజుకు ఎన్ని కేజీలు, ఎవరికి అమ్ముతుంది, అరువు ఎన్ని రోజులు, మొదటి ఆరు నెలల వాయిదా ఎక్కడి నుంచి వస్తుంది. మన గ్రూపులో కూర్చున్న పదిమందిలో కొట్టు నడిపేవాళ్లున్నారు, చేపలు అమ్మేవాళ్లున్నారు, మిల్లుకు పనికెళ్లేవాళ్లున్నారు. కంపెనీలో ఏ మేనేజరూ అడగని ప్రశ్నలు వాళ్లు అడుగుతారు. ఆ అమ్మాయికి అప్పుకంటే ఆ ప్రశ్నలే ఎక్కువ మేలు చేస్తాయి.

పెద్ద పెట్టుబడికి వేరే దారులు ఉన్నాయి. ముద్ర అప్పులకు తాకట్టు అడగరు. శిశులో 50,000 వరకు, కిశోర్‌లో 5 లక్షల వరకు, తరుణ్‌లో 10 లక్షల వరకు. ఆహార పదార్థాల యూనిట్లకు 2020లో వచ్చిన పీఎంఎఫ్ఎంఈ పథకంలో బ్యాంకు అప్పుతో పెట్టే యూనిట్‌కు ఖర్చులో 35 శాతం, 10 లక్షలు మించకుండా సబ్సిడీ పెట్టారు. ఆహార తయారీలో ఉన్న గ్రూపు సభ్యురాలికి 40,000 వరకు మూలధనం సమాఖ్య ద్వారా ఇచ్చే ఏర్పాటు కూడా అందులోనే ఉంది. ప్రస్తుతం దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో వెలుగు కార్యాలయంలో కనుక్కుని అడుగు వేయండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు పైసా ఖర్చు లేదు. ఎవరన్నా ఫీజు అడిగితే ఇవ్వకండి. తినే సరుకు ఎంత చిన్నగా అమ్మినా ఎఫ్ఎస్ఎస్ఏఐ నమోదు మాత్రం తప్పనిసరి.

మన మూడు ఊళ్లను కలిపి చూస్తే, సొంతూరికి తిరిగొచ్చే అమ్మాయికి ఇంత అనుకూలం ఇంకోచోట దొరకదు. తెనాలిలో పప్పు వ్యాపారం ఉంది, నిమ్మకాయ మార్కెట్ ఉంది, పక్కనే దుగ్గిరాలలో పసుపు యార్డు ఉంది. రేపల్లె పక్క నిజాంపట్నం రేవు ఉంది, చేప, రొయ్య ఉంది. బాపట్లలో 1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉంది, ఆహార శాస్త్ర సాంకేతిక కళాశాల ఉంది, పంటకోత తర్వాతి సాంకేతిక పద్ధతుల మీద పరిశోధించే కేంద్రం ఉంది. రేపల్లెలో రొయ్యల పచ్చడి పెడతానన్న అమ్మాయికి రుచి అమ్మ నేర్పుతుంది. అది ఎన్ని నెలలు నిలవ ఉంటుంది, ప్యాకెట్‌లో ఏ కవరు వాడాలి అన్నది మాత్రం బాపట్ల వెళ్లి అడిగి తెలుసుకోవాలి. అమ్మడానికి తెనాలి, విజయవాడ దారిలోనే ఉన్నాయి. కంపెనీలో నేర్చుకున్న కంప్యూటరు, ఇంగ్లీషు ఉత్తరం, గడువుకు పని ముగించే అలవాటు ఆ అమ్మాయి దగ్గర ఉన్నాయి. సరుకు, చేతి పని, నమ్మకం మన దగ్గర ఉన్నాయి. ఈ రెండూ కలవాలి.

చివరగా తిరిగి వెళ్లే దారి గురించి. మొదలుపెట్టే రోజే రెండు అంకెలు రాసుకోవాలి. ఏ తేదీ వరకు ప్రయత్నిస్తాం, ఎంత డబ్బు వరకు పెడతాం. ఆ తేదీ వచ్చినా, ఆ డబ్బు అయిపోయినా ఆగి మళ్లీ లెక్క చూసుకోవాలి. ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ పుస్తెలతాడు దాకా రానివ్వకూడదు. మానేటప్పుడు కంపెనీతో గొడవ పడకుండా, నోటీసు కాలం పూర్తి చేసి, రిలీవింగ్ లెటరు, అనుభవ పత్రం తీసుకుని రావాలి. మళ్లీ ఉద్యోగంలో చేరాల్సి వస్తే అది ఓటమి కాదు. మన గ్రూపులో ఒక ఏడాది గేదె అచ్చిరాకపోతే అమ్మేసి మరో పని చూసుకున్న అక్కను మనం వెలివేశామా? ఆ అమ్మాయిని కూడా అట్లాగే చూడాలి.

క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పు, సకాలంలో వాయిదా, పుస్తకాల నిర్వహణ. ఈ పంచసూత్రాలు మనకు నోటికి వచ్చు. ఏ పెద్ద కాలేజీలోనూ చదవకుండా మనం ఇన్నేళ్లు నిలబడింది వీటి మీదే. మన పిల్ల వ్యాపారం పెడతానంటే ముందు ఒక నోటు పుస్తకం కొనిచ్చి, మన గ్రూపు పుస్తకం ఎట్లా రాస్తామో పక్కన కూర్చోబెట్టుకుని చూపించండి.

సమాఖ్యకు ఒక్క విన్నపం. సభ్యురాలి కూతురో కోడలో ఉద్యోగం మాని పెట్టే వ్యాపారానికి అప్పు అడిగినప్పుడు, ఆ అమ్మాయి మూడు లెక్కల కాగితంతో మీటింగుకు రావాలన్న తీర్మానం ఈ ఏడాది ప్రతి గ్రామ సంఘంలోనూ పెట్టండి. మూడో లెక్క కింద, ఆమె పని వేళల్లో ఇంటి పని ఎవరు చూస్తారో ఆ మనిషి సంతకం కూడా తీసుకోండి. భర్త అయితే భర్త, అత్తగారైతే అత్తగారు. నవ్వుతున్నారు గానీ, ఆ సంతకం లేని అప్పు రికవరీ కష్టమే.